ఇంటిపేరు చూసి వైద్యమా?

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అనగానే బంధువులకు ఫోన్లు మొదలవుతాయి. ఎవరి హస్తవాసి మంచిదని అడుగుతారు. ఆ వెంటనే కాస్త గొంతు తగ్గించి ‘మనోళ్లేనా?’ అంటారు. ఇంటిపేరు తెలిశాక సగం నిర్ణయం అయిపోతుంది. సర్జన్ మహిళ అయితే ‘మగ డాక్టర్ లేరా?’ అన్న ప్రశ్న వస్తుంది. రౌండ్స్‌కు వచ్చిన లేడీ డాక్టర్‌ను ‘సిస్టర్’ అని పిలిచి, ఆమె వెనకున్న కుర్ర హౌస్‌సర్జన్‌కు జబ్బు సంగతి చెప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

రోగి కోరికలన్నీ వివక్ష కావు. 1883లో అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చేనాటికి పరాయి మగవాడికి నాడి చూపించుకోవడానికి ఒప్పుకోని ఆడవాళ్లు ఎందరో. వాళ్ల కోసమే ఆమె అక్కడ ఆస్పత్రి పెట్టారు. ఈనాటికీ కాన్పుకో, రొమ్ములో గడ్డ చూపించుకోవడానికో లేడీ డాక్టరే కావాలని ఒక స్త్రీ అడిగితే ఏర్పాటు చేసి తీరాలి. సిగ్గుతో దాచుకున్న జబ్బు ముదురుతుంది. డల్లాస్‌లో కొడుకు దగ్గరున్న తల్లి తెలుగు వచ్చిన డాక్టర్ కావాలన్నా న్యాయమే. ఇవన్నీ నోరు విప్పి బాధ చెప్పుకోవడానికి సంబంధించిన కోరికలు. డాక్టర్ పనితనాన్ని కులంతోనో, ఆడా మగా అన్నదానితోనో కొలవడం వేరే సంగతి. నా అభ్యంతరం దాని మీదే.

అలా కొలుస్తున్నామని చాలాసార్లు మనకే తెలియదు. సికింద్రాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలైన మహజరీన్ బనాజీ, సహ పరిశోధకుడు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి దశాబ్దాలుగా పరిశోధించింది ఈ విషయాన్నే. మంచివాళ్లమని నిజాయతీగా నమ్మేవారిలోనూ పక్షపాతం దాగి ఉంటుందని వారు చూపించారు.

మరి లెక్కలేమంటున్నాయి? అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఆస్పత్రుల్లో చేరిన వృద్ధుల రికార్డులను పరిశోధకుడు యుసుకే త్సుగావా బృందం పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. మహిళా ఫిజీషియన్లు చూసినవారిలో 30 రోజుల్లోపు మరణాలు 11.07 శాతం, పురుషులు చూసినవారిలో 11.49. విదేశాల్లో చదివి వెళ్లిన డాక్టర్ల విషయంలోనూ ఇంతే: వారు చూసినవారిలో 11.2, అక్కడే చదివినవారు చూసినవారిలో 11.6. తేడాలు చిన్నవే. అయినా ‘ఆడ డాక్టర్ కదా’, ‘పరాయి దేశపు చదువు కదా’ అన్న అనుమానాలకు ఆధారం లేదని తేల్చడానికి చాలు. గుంటూరు, కాకినాడ, ఉస్మానియా మెడికల్ కాలేజీల నుంచి ఎందరో అలా వెళ్లినవాళ్లే. అక్కడ వారి పేరు, యాస విని రోగి మొహం తిప్పుకుంటే మనం బాధపడతాం. ఇక్కడ దళిత డాక్టర్ బోర్డు చూసి వెనుదిరిగేది మనమే.

‘రిజర్వేషన్ డాక్టర్’ అన్న మాటంత అన్యాయం మరొకటి లేదు. చదువులో రిజర్వేషన్ వర్తించేది సీటు దగ్గరే. ఎంబీబీఎస్ గట్టెక్కాలంటే అందరికీ అవే ప్రశ్నపత్రాలు, అవే పాస్ మార్కులు, అదే హౌస్‌సర్జన్సీ. ఆ తర్వాతి నేర్పంతా చూసిన కేసుల నుంచి వచ్చేదే.

కాబట్టి అడగవలసినవి అడగండి. ఈ ఆపరేషన్ ఇదివరకు ఎన్నిసార్లు చేశారు? చేయించుకోకపోతే ఏమవుతుంది? అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు? ఇవి రోగి హక్కు, ఏ మంచి డాక్టరూ వీటికి నొచ్చుకోరు. కులం చూసి డాక్టర్‌ను మార్చమనేవారికి మాత్రం ఆస్పత్రులు రిసెప్షన్‌లోనే కుదరదని చెప్పాలి.