వారానికి ఒక్క రోజు: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర మీరు అర్జీలు తీసుకుంటారు. ఈ అర్జీ కూడా అక్కడికే తెచ్చి మీ చేతికివ్వాల్సింది. కానీ ఇందులో రాసిన కష్టం పడుతున్న తల్లులు సోమవారం పొద్దున్నే గుంతకల్లులో బయల్దేరి అనంతపురం రాలేరు. నడవలేని పిల్లను చంకన వేసుకుని పోనూ రానూ ఒక రోజు పడుతుంది. ఆ రోజు కూలి పోతుంది. ఆ రోజు భవిత కేంద్రంలో పిల్లకు జరగాల్సింది కూడా పోతుంది. అందుకే వాళ్ల తరఫున ఇలా నలుగురూ చదివేట్టు రాస్తున్నాను. ఆ కేంద్రాలను నడిపే సమగ్ర శిక్ష పథకానికి జిల్లాలో అధ్యక్షులు మీరే. నేను అడగబోయేవాటిలో ఎక్కువ భాగానికి అమరావతి దాకా ఫైలు పోనక్కర్లేదు, మీ ఉత్తర్వు చాలు.

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా మనవరాలికి సెరిబ్రల్ పాల్సీ. కాళ్ల కండరాలు బిగుసుకుపోయి మడమ నేలకు ఆనదు. మాట ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చాక ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది తనే. కోడలు పనికి పోయిన రోజు నేను, పని లేని రోజు కోడలు, పాపను కేంద్రానికి తీసుకుపోతాం. బయట వరండాలో కూర్చుని ఎదురుచూసే అవ్వాతాతల్లో నేనూ ఒకణ్ణి. అక్కడ కూర్చుని చూసిందీ విన్నదీ రాస్తున్నాను.

భవిత గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఈ లేఖ చదివే మిగతావాళ్లకు మాత్రం రెండు మాటలు చెప్పాలి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, వ్యాయామం, రోజువారీ పనులు నేర్పుతారు. నేర్పేవాళ్లు సహిత విద్య టీచర్లు. ఆఫీసు భాషలో ఐఈఆర్‌పీలు, పిల్లలకు మాత్రం ఉత్త టీచరే. కొందరు పిల్లలు పూర్తిగా ఇక్కడే ఉంటారు, కొందరు మామూలు బడికి పోతూ ఇక్కడికీ వస్తారు. మంచం దిగలేని పిల్లలుంటే టీచర్లే వారంలో ఒక రోజు వాళ్ల ఇళ్లకు పోతారు. ఎండలో, బండి మీద, ఒక్కో ఊరికి ఒక్కో ఇంటి కోసం పోయే ఆ టీచర్లకు ఈ లేఖ ద్వారా చేతులెత్తి మొక్కుతున్నాను. నేను ఇప్పుడు చెప్పబోయేదాంట్లో వాళ్ల మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

ఈ పిల్లల చదువు వారాల లెక్కలో నడుస్తుంది. ఆదివారం ఇంట్లో కదలకుండా ఉన్న పిల్లలు సోమవారం బిగుసుకుపోయి, చిరాగ్గా వస్తారు. మంగళవారానికి కాస్త దారిలో పడతారు. చొక్కా గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం, పది రూపాయల బిళ్లకూ ఐదు రూపాయల బిళ్లకూ తేడా కనుక్కోవడం, ఒంటికి పోవాలంటే ముందే చెప్పడం. ఇవే పాఠాలు. మిగతా బళ్లలో మార్కుల కాగితం వచ్చినప్పుడు పిల్లవాడి సంగతి తెలుస్తుంది. ఇక్కడ ఒక పిల్లవాడు తనంతట తానే గుండీ పెట్టుకున్న రోజు వరండాలో కూర్చున్న అందరికీ ఆ కబురు తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనం వచ్చాక ఇంకో పని మొదలవుతుంది. నమలలేని పిల్లకు గుడ్డును మెత్తగా చిదిమి, అన్నంలో కలిపి, తల నిటారుగా పట్టుకుని, పొలమారకుండా ఒక్కో ముద్ద పెట్టాలి. దానికే అరగంట పడుతుంది. మా ఊరి సంగతి ఇంకొకటుంది. కన్నడదేశం పక్కనే, రైల్వే ఊరు, చుట్టూ తండాలు. ఒకరింట్లో కన్నడం, ఒకరింట్లో ఉర్దూ, ఇంకొకరింట్లో లంబాడీ. మాట నేర్చుకోవడమే కష్టమైన పిల్లకు ఇంట్లో ఒక భాష, కేంద్రంలో తెలుగు. టీచర్లు ఆ తల్లుల దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని సర్దుకుంటున్నారు.

ఈ వారం మొత్తంలో తల్లులు వేళ్ల మీద లెక్కపెట్టుకుని కాచుకునేది ఒకే ఒక్క రోజు కోసం. అది ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు.

ఒక్కో ఫిజియోథెరపిస్టు కొన్ని మండలాలు తిరగాలి గనక ఒక్కో కేంద్రానికి వారంలో ఒక రోజు దక్కుతుంది. ఆ రోజు పల్లెల నుంచి కూడా వస్తారు, కసాపురం నుంచి, నక్కనదొడ్డి నుంచి, నెలగొండ నుంచి. చాప పరుస్తారు, పెద్ద బంతి బయటికి తీస్తారు, పిల్లలు పట్టుకుని నడిచే జంట కమ్మీల దగ్గర వరస కడతారు. ఆ పని ఎలా ఉంటుందో చూస్తేగాని తెలియదు. మడమను అరచేతిలో పట్టుకుని, మోకాలు వంగకుండా ఇంకో చెయ్యి పెట్టి, పాదాన్ని పైకి మెల్లగా, చాలా మెల్లగా వంచాలి. గుంజితే కండరం ఎదురు తిరుగుతుంది. పట్టుకుని ఆగితే కాసేపటికి వదులవుతుంది. ఆ వదులైన క్షణం పట్టుకున్నవాళ్ల చేతికే తెలుస్తుంది. పదిహేను మంది పిల్లలు వస్తే ఒక్కొక్కరికి అందేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే వ్యాయామం, కాలికి కట్టే క్యాలిపర్ బిగుతయిందా అని చూడడం, తల్లి అడిగే నాలుగు ప్రశ్నలకు జవాబు, అన్నీ అయిపోవాలి.

ఆ రోజు పండగ వచ్చిందనుకోండి. లేదా ఆ ఫిజియోథెరపిస్టుకు వేరే చోట శిబిరమో, సమావేశమో, శిక్షణో పడిందనుకోండి. అది ఆ వారానికి పోయినట్టే. తర్వాతి రోజు ఇంకో మండలానిది గనక మన వంతు మళ్లీ వచ్చే వారమే. అంటే పద్నాలుగు రోజుల ఎడం. ఏడాదికి 52 వారాలు. వేసవి సెలవులు ఏడు వారాలు, దసరా, సంక్రాంతి సెలవులు తీసేస్తే మిగిలేది నలభై పైచిలుకు. అందులో మళ్లీ ఇలా పోయేవి పోతే ఎన్ని మిగులుతాయో మీరే వేసుకోండి. పిల్ల ఎముక మాత్రం సెలవు తీసుకోదు. ఎముక పెరుగుతుంటే బిగుసుకున్న కండరం దానితో సమానంగా సాగదు. అందుకే పిల్ల ఎత్తు పెరిగే కొద్దీ మడమ ఇంకా పైకి లేస్తుంది. నిరుడు సరిపోయిన క్యాలిపర్ ఈ ఏడు పట్టదు. సాగదీయడం ఆగిపోతే కీలు అలాగే గట్టిపడిపోతుంది, ఆ తర్వాత చేత్తో అయ్యే పని కాదు, ఆపరేషన్ దాకా పోవాలి. ఇరవై నిమిషాల పని మానేసిన ఫలితం పిల్ల జీవితమంతా మోయాలి.

"సార్ ఈ వారం వస్తాడా రాడా అన్నా?" అని ఆ వరండాలో ఒక తల్లి ఇంకొకరిని అడగడం నేను ఎన్నిసార్లు విన్నానో. రాడని తెలిసేది ఆటోకు డబ్బులిచ్చి, పిల్లను మోసుకొచ్చి, చాప మీద కూర్చోబెట్టాక. నేను పనిచేసిన చోట ఒక బండి రద్దయితే ముందే చెప్పేవాళ్లం, బదులు బండి ఉంటే దాని వేళ కూడా బోర్డు మీద రాసేవాళ్లం. ఆ తల్లికి దక్కాల్సింది కూడా అంతే.

కాబట్టి మొదటి విన్నపం ఇది. ఫిజియోథెరపీ రోజు ఏ కారణంతో పోయినా అది రద్దు కాకూడదు, అదే వారంలో ఇంకో రోజుకు మారాలి. నెల పట్టిక ముందే కేంద్రం గోడ మీద ఉండాలి, మార్పు ఉంటే తల్లి ఫోనుకు ముందు రోజే కబురు రావాలి. వేసవి సెలవుల్లో బడి మూసినా ఆ ఒక్క రోజు మాత్రం తెరిచి ఉంచాలి. ఈ మూడింటికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. వారానికి రెండు రోజులు కావాలని కూడా అడగాలని ఉంది. దానికి కొత్త పోస్టులు కావాలని నాకు తెలుసు, ఆ మాట మీరు పైకి రాయండి. సుప్రీంకోర్టు 2021లో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఇంతమందికి ఒక టీచరుండాలని చెప్పింది, ఆ వెనుక మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక విద్య టీచరు పోస్టులు మంజూరు చేసింది. చాలా సంతోషించాం. కానీ అవి టీచరు పోస్టులు. మడమ పట్టుకునే చెయ్యి ఆ లెక్కలో లేదు.

ఇక రావడం పోవడం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ పిల్లలకు రవాణా సౌకర్యం కల్పించాలంటుంది, ఎక్కువ సాయం అవసరమైన పిల్లలైతే తోడు వచ్చేవాళ్లకు కూడా. సమగ్ర శిక్షలో రవాణా భత్యం, తోడు భత్యం ఉన్నాయి. అయితే భత్యం ఎప్పుడో ఖాతాలో పడుతుంది, ఆటోకు మాత్రం దిగగానే ఇవ్వాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మా కోడలు లాంటివాళ్లకు అది పెద్ద మేలు, కాదనను. కానీ పదేళ్లు దాటి బరువెక్కిన, కాళ్లు వంగని పిల్లను ఎత్తుకుని పల్లెవెలుగు బస్సు మెట్లెక్కడం ఒక మనిషి వల్ల కాదు. ఎక్కినా బస్టాండులో దిగి కేంద్రం దాకా మళ్లీ మోయాలి. అందుకే ఫిజియోథెరపీ రోజున ఊళ్ల వారీగా రెండు మూడు ఆటోలు కుదిర్చి, డబ్బులు కేంద్రం నుంచే నేరుగా ఆటోవాళ్లకు ఇచ్చే ఏర్పాటు చేయండి. చట్టం అడిగింది సౌకర్యాన్ని. భత్యం ఒక్కటే దానికి సమాధానం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరకు ఉంచాను. ఆ ఒక్క రోజు సరిగ్గా జరిగినా మిగతా ఆరు రోజులు పిల్ల తల్లి చేతుల్లోనే ఉంటుంది. రోజూ సాగదీయాల్సింది తల్లే. ఇరవై నిమిషాల్లో చూసి నేర్చుకున్నది ఇంటికి పోయాక సగం గుర్తుంటుంది. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో భయం. భయంతో కొందరు మానేస్తారు, కొందరు గట్టిగా గుంజుతారు. దీనికి దారి వేరే చోట ఎప్పుడో కనిపెట్టారు. మెక్సికోలో అహోయా అనే కొండపల్లెలో 1981లో వికలాంగులైన ఊరివాళ్లే ఒక కేంద్రం పెట్టుకుని, నిలబెట్టే చట్రాలు, కూర్చునే కుర్చీలు, నడక కమ్మీలు ఊళ్లో దొరికే కర్రతో చేసుకున్నారు. వాళ్లతో పనిచేసిన డేవిడ్ వెర్నర్ 1987లో ఆ పద్ధతులన్నీ బొమ్మలతో ఒక పుస్తకంగా వేశాడు. చదువు రాని తల్లి కూడా బొమ్మ చూసి చేయగలిగేట్టు ఉంటుంది. మన గుంతకల్లులో వడ్రంగులకు, వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. కొలత ఇస్తే మూల కుర్చీ, నిలబడే చట్రం ఇక్కడే తయారవుతాయి, పిల్ల పెరిగితే కొలత మార్చి మళ్లీ చేయించుకోవచ్చు. అలాగే ఆ పుస్తకంలోలా ఒక్కో పిల్లకు ఒక బొమ్మల కార్డు కావాలి. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఏది చేయకూడదు అని ఫిజియోథెరపిస్టు గుర్తుపెట్టి, తల్లితో తన ఎదురుగా ఒకసారి చేయించి చూసి చేతికివ్వాలి.

ఆ కార్డు ఎందుకంత అవసరమో మన జిల్లా వానే చెబుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే నేల ఇది, అదీ వేళకు కురిస్తే. బుడ్డలు (వేరుశనగ) పండని ఏడు ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బాట పడతాయి. "బెంగుళూరు పోతాండాం, పిల్లోన్ని యాడ ఇడ్చిపోవల్ల?" అని అడిగిన తల్లికి నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లవాడు తల్లిదండ్రులతోనే పోతాడు, కట్టడం పనుల దగ్గర రేకుల షెడ్డులో ఉంటాడు. నాలుగైదు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి అంతకు ముందు సాగిన కాలు మళ్లీ మొదటికొచ్చి ఉంటుంది. కేంద్రం ఆ కుటుంబంతో పాటు పోలేదు. కార్డు పోగలదు. వారానికోసారి టీచరు వీడియో కాల్‌లో చూసి చెప్పగలదు, టీచరు చేసే పని కింద దాన్ని లెక్కేస్తే.

పిల్లను దూరంగా హాస్టలున్న ప్రత్యేక పాఠశాలలో వేయండని సలహా చెప్పేవాళ్లూ ఉన్నారు. మన ప్రాంతంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఇలాంటి పిల్లల కోసం నడిపిన బళ్ల విలువ నాకు తెలుసు. ఆ దారి కావాలనుకునేవాళ్లకు ఆ దారి ఉండాలి. కానీ అదే 2016 చట్టం 31వ సెక్షన్ ఇంటి దగ్గరి బడిని కూడా 6 నుంచి 18 ఏళ్ల పిల్లల హక్కుగా రాసింది, ఏది కావాలో ఎంచుకోమంది. గుంతకల్లులో ఆ ఒక్క రోజు సరిగ్గా జరగనప్పుడు తల్లికి ఎంపిక ఎక్కడ ఉన్నట్టు?

మీరు ఒకసారి మా ఊరి కేంద్రానికి రావాలని కోరుతున్నాను. ఫిజియోథెరపీ రోజే రండి, ముందుగా ఎవరికీ చెప్పకుండా. లోపల టీచర్లతో మాట్లాడాక కాసేపు వరండాలో మా పక్కన కూర్చోండి. పోయిన వారం ఈ రోజు జరిగిందా, జరగకపోతే ఎప్పుడు తెలిసింది, ఆటోకు ఎంతయింది అని తల్లుల్ని అడగండి. వాళ్లు చెప్పింది విన్నాక వచ్చే నెల పట్టిక మీద మీరే సంతకం చేయండి.

ఇట్లు,
భవిత పిల్లల కుటుంబాల తరఫున,
ఒక తాత, గుంతకల్లు