సీటీ పట్టుకున్న పిల్లాడి మీద మన జోర్

రెఫరీ మీద అరిస్తే ఫైసలా మారదు. ఊదిన సీటీ వెనక్కి పోదు. పదేళ్ల బచ్చాకి కూడా ఈ సంగతి తెలుసు. అయినా ఎందుకు చుట్టుముడతారు? ఎందుకు చేతులు ఊపుతారు? చాలామంది దాన్ని జోష్ అంటారు, ఆట మీద మొహబ్బత్ అంటారు. నేను ఒప్పుకోను. ఆ అరుపు అయిపోయిన ఫైసలా కోసం కాదు, రాబోయే ఫైసలా కోసం. 'ఇది మాకు వ్యతిరేకంగా ఇచ్చావు, యాద్ పెట్టుకో, తర్వాతది మాకు రావాలి' అని ముందే కట్టే అడ్వాన్స్ అది. దఫ్తర్‌లో ఫైలు కదలడానికి పెద్దమనిషితో చెప్పించే సిఫారిష్‌కీ దీనికీ ఫరక్ ఏమీ లేదు. అవతలి టీమ్ హఖ్ అందులోంచే పోతుంది.

మా కొండాపూర్ సంగతే చెప్తాను. కొత్తగూడ నుంచి మసీద్ బండ దాకా ఖాళీ ప్లాట్ కనిపిస్తే చాలు, అపార్ట్‌మెంట్ లేచేదాకా పచ్చ కార్పెట్ పరిచి, చుట్టూ వల కట్టి, గంటకింత అని కిరాయికి ఇస్తున్నారు. ఆదివారాలు అక్కడ పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు. మనవాళ్లు కూడా బాగానే వస్తారు. టోలిచౌకి నుంచి మారినవాళ్లు, కర్నూలు, గుంటూరు, కరీంనగర్ నుంచి కంపెనీ నౌకరీలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు. పిల్లాడికి బూట్లు వేలల్లో. కోచ్ ఫీజు నెలకు ఇంత. మ్యాచ్‌కి సీటీ ఊదేవాడు మాత్రం డిగ్రీ చదివే కుర్రాడు, చేతికి వచ్చేది కొన్ని వందలు. లైన్ దగ్గర అసిస్టెంట్ లేడు, వీడియో లేదు. రెండు కళ్లు, ఒక సీటీ.

పోయిన చలికాలం ఒక మ్యాచ్ చూశాను. పన్నెండేళ్ల లోపు పిల్లలది. గోల్ ముందు ఒక పిల్లాడి చేతికి బంతి తగిలింది. చెయ్యి పక్కకి చాచి ఉంది, నేను నిలబడ్డ చోటికే కనిపించింది. కుర్రాడు పెనాల్టీ ఇచ్చాడు. ఆరుగురు పిల్లలు వాడి చుట్టూ మూగారు. వల బయట ఒక అబ్బాజాన్, మంచి చదువు, మంచి నౌకరీ, 'అంధా హై క్యా, ఎంత తీసుకున్నావ్?' అని గట్టిగా అరిచారు. పక్కన నలుగురు నవ్వారు. రెండు నిమిషాల తర్వాత అవతలి గోల్ దగ్గర ఒక పిల్లాడు తనంతట తానే కాలు జారి పడ్డాడు. కుర్రాడు మళ్లీ పెనాల్టీ ఊదాడు, ఈసారి అరిచినవాళ్లకి. లెక్క సరిపోయింది, అందరూ ఖుష్.

మ్యాచ్ అయ్యాక చాయ్ బండి దగ్గర వాణ్ని అడిగాను. తల దించుకునే చెప్పాడు: 'మొదటిది సహీనే చాచా. రెండోది నేనియ్యలేదు, బయట నిలబడ్డ సాబ్ ఇచ్చిండు.'

ఈ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈసారి రగ్బీ గురించి రాస్తున్నాను. నవ్వకండి. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, అందులో హైదరాబాద్ హీరోస్ అని మన పేరుతో ఒక టీమ్ కూడా ఆడింది. అండాకారపు బంతి, నూరు కిలోల మనుషులు, ఒకరి మీద ఒకరు పడి లాక్కోవడం. చూస్తే దంగల్ లాగే ఉంటుంది. కానీ సీటీ మోగగానే ఆ పహిల్వాన్‌లు నోరు మూసుకుని వెనక్కి నడుస్తారు. రెఫరీని 'సర్' అని పిలవడం అక్కడ పాత ఆనవాయితీ.

ఇదేదో తెల్లవాళ్ల తహజీబ్ గొప్పతనం అనుకుంటే పొరపాటు. వాళ్ల రివాజ్ వెనక రూల్ ఉంది. రెఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. పెనాల్టీ ఇచ్చాక ఎవరైనా గునిస్తే, ఆ పెనాల్టీని పది మీటర్లు ముందుకు జరుపుతారు. రగ్బీలో పది మీటర్లంటే మామూలు విషయం కాదు. దూరం నుంచి గోల్‌కి తన్నలేని పెనాల్టీ పది మీటర్లు దగ్గరైతే మూడు పాయింట్లు అయిపోతుంది. అంటే ఒకడి జుబాన్ జారితే పద్నాలుగు మంది చెమట నీళ్లపాలు. అప్పుడు వాణ్ని ఆపేది రెఫరీ కాదు, సొంత టీమే. మరీ మితిమీరితే పసుపు కార్డు, పది నిమిషాలు బయట. ఏడుగురి రగ్బీలో రెండు నిమిషాలు. పెద్ద మ్యాచ్‌లలో ఇంకో పద్ధతి ఉంది, నాకు బాగా నచ్చినది: రెఫరీ గొంతు మైకులో టీవీ చూసేవాళ్లకీ వినిపిస్తుంది. ఎందుకు ఊదాడో వజా చెప్పి ఊదుతాడు. ఇజ్జత్ కావాలంటే జవాబ్ ఇవ్వాల్సిన బాధ్యత కూడా వాడి మీద ఉంది.

2012లో నైజెల్ ఓవెన్స్ అనే వేల్స్ రెఫరీ, గొడవ చేస్తున్న ఒక ఆటగాణ్ని పిలిచి, ఇది ఫుట్‌బాల్ కాదు అని చెప్పిన వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతుంటుంది. ఆయనే 2015 ప్రపంచ కప్ ఫైనల్‌కి రెఫరీ. ఫుట్‌బాల్ మీద పెరిగిన హైదరాబాదీని, ఆ మాట నాకు చురుక్కుమంది.

అయితే రగ్బీవాళ్లంతా ఫరిష్తాలని నేను అనడం లేదు. 2021లో దక్షిణాఫ్రికా రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ ఒక మ్యాచ్ ఓడిపోయాక రెఫరీ నిక్ బెర్రీ తప్పులంటూ గంటకు పైగా వీడియో చేశాడు. అది బయటకు వచ్చి ప్రపంచమంతా తిరిగింది. రెండు నెలల పాటు రగ్బీ పనులన్నింటి నుంచి బహిష్కరణ, ఆపైన 2022 సెప్టెంబర్ ఆఖరు దాకా మ్యాచ్ రోజు పనులకు దూరం. 2023 అక్టోబర్‌లో పారిస్ ఫైనల్ తర్వాత, ఆ మ్యాచ్‌లో వీడియో అధికారిగా ఉన్న టామ్ ఫోలీ బెదిరింపులు తట్టుకోలేక అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి పక్కకి జరిగాడు. మైదాన్ లోపల నోరు కట్టినా, బయట ఫోన్ పట్టుకున్న చేతుల్ని ఎవరూ కట్టలేదన్నమాట. రూల్ ఎక్కడ ఆగుతుందో అక్కడే బద్తమీజీ మొదలవుతుంది.

మన దగ్గరికి వద్దాం. 2023 మార్చి 3, బెంగళూరు, ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి అదనపు సమయంలో ఫ్రీ కిక్‌ని, కేరళ ఆటగాళ్లు ఇంకా సర్దుకుంటుండగానే గోల్‌లోకి కొట్టాడు. రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. కేరళ బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన టీమ్‌ని మైదాన్ నుంచి బయటకు పిలిచేశాడు. వాళ్లు తిరిగి రాలేదు. ఫుట్‌బాల్ ఫెడరేషన్ క్లబ్‌కి 4 కోట్ల జుర్మానా వేసింది, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జుర్మానా. ఆ గోల్ సహీనా కాదా అని ఇప్పటికీ బహస్ చేయవచ్చు, చాయ్ మీద నేనూ చేస్తాను. కానీ ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట చేతిలో ఉండగా వెళ్లిపోయి ఏం సాధించారు? ఒక గోల్ ఎక్కించే టైమ్ అది. 4 కోట్లు పోయిన సంగతి అలా ఉంచితే, ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న వేలమంది పిల్లలు నేర్చుకున్నదేమిటి?

ఇక ఈ షహర్ పిల్లలకు ఎవరి కథ చెప్పాలో కూడా మనం మరిచిపోయాం. రహీం సాబ్ పేరు 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక కొందరికి తెలిసింది. సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ ఉస్తాద్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన కోచ్. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో స్టేడియమంతా మనకు ఖిలాఫ్‌గా అరుస్తుంటే, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిపించి సోనా తెచ్చారు. తర్వాతి ఏడాది కాన్సర్‌తో పోయారు. ఇది చాలామందికి మాలూమే. ఆయన సాహెబ్‌జాదా ఏం చేశారో ఎంతమందికి మాలూం? సయ్యద్ షాహిద్ హకీం. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్. బూట్లు విప్పాక సీటీ పట్టుకున్నారు, ఫిఫా రెఫరీ అయ్యారు, 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. 2021 ఆగస్టులో ఇంతికాల్ అయ్యారు. హిందుస్తాన్ అంతటికీ ఫుట్‌బాల్ నేర్పిన మనిషి ఇంట్లో, సీటీ ఊదడం తక్కువ పని కాలేదు. ఇవాళ మన ఇళ్లలో 'బేటా, రెఫరీ అవుతావా?' అని అడిగే అబ్బా ఒక్కరైనా ఉన్నారా?

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. ఇదే కొండాపూర్‌లో పేరు వినగానే ఇల్లు కిరాయికి లేదన్నవాళ్ల గురించి మనం రాత్రంతా మాట్లాడుకుంటాం. ఠాణాలో, దఫ్తర్‌లో మనకు ఇన్సాఫ్ దొరకదని షికాయత్ చేస్తాం. ఆ షికాయత్ చాలాసార్లు నిజమే. పెద్దవాడి దబావ్ కింద ఫైసలా ఎలా వంగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన చేతికి చిక్కిన ఒకే ఒక్క చిన్న మున్సిఫ్, ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు. వాడి ముందు మనమే పెద్దవాళ్లం. అక్కడ మనం ఏం చేస్తున్నామో పిల్లలు వల లోపలి నుంచి చూస్తూనే ఉన్నారు.

'మరి రెఫరీ నిజంగానే తప్పు చేస్తే?' అని అడుగుతారు. చేస్తాడు, రోజూ చేస్తాడు. 1980ల్లో పాకిస్తాన్‌లో అంపైర్ల మీద అనుమానాలు ముదిరితే, ఇమ్రాన్ ఖాన్ నిష్పక్ష అంపైర్లు కావాలని పట్టుబట్టాడు. 1986లో లాహోర్ టెస్టుకి మన హైదరాబాద్ అంపైర్ వి.కె. రామస్వామి, బొంబాయి పీలూ రిపోర్టర్ వెళ్లారు. పాకిస్తాన్, వెస్టిండీస్ మధ్య మ్యాచ్‌లో ఇద్దరు హిందుస్తానీ అంపైర్లు! షికాయత్ మనిషి మీద కాకుండా ఇంతెజామ్ మీద ఉంటే ఇలా పనికొస్తుంది.

మన టర్ఫ్‌లకు ఇంత పెద్ద ఇంతెజామ్ అవసరం లేదు. ఫుట్‌బాల్‌లోనూ 2024 యూరో కప్ నుంచి కెప్టెన్ ఒక్కడే రెఫరీ దగ్గరికి వెళ్లాలన్నారు. మనం దాన్ని పిల్లల లీగ్‌లో రేపే పెట్టుకోవచ్చు. ఇంకెవరు నోరు విప్పినా ఫ్రీ కిక్ ఐదడుగులు ముందుకి, టర్ఫ్ చిన్నది కాబట్టి ఐదు చాలు. వల బయటి నుంచి అబ్బాజాన్ అరిస్తే ఆయన పిల్లాడు రెండు నిమిషాలు బయట కూర్చుంటాడు. పిల్లాడికి జుల్మ్ కదా అంటారేమో. ఒక్కసారి కూర్చుంటే చాలు, ఇంటికెళ్లి వాడే అబ్బాకి తర్బియత్ ఇస్తాడు. తప్పు ఫైసలా ఉంటే మ్యాచ్ అయ్యాక కెప్టెన్ కాగితం మీద రాసి లీగ్ నడిపేవాళ్లకి ఇవ్వాలి. సీటీ ఊదేవాడికి ఇచ్చే డబ్బు కూడా కొంచెం పెంచండి, బూట్ల ఖర్చులో పదో వంతైనా.

ఆ కుర్రాడు పోయిన నెల నుంచి రావడం లేదు. ఫుడ్ డెలివరీలో చేరాడట. అక్కడ తిట్లు తక్కువ, పైసలు కొంచెం ఎక్కువ అన్నాడు. వచ్చే ఆదివారం మ్యాచ్‌కి సీటీ ఎవరు ఊదాలో టర్ఫ్‌వాళ్లకి ఇంకా ఖాయం కాలేదు.