విందు ముగిసిన తరువాత



పర్యావరణము అనే మాట వినగానే అది పెద్దల సంగతి, ప్రభుత్వముల సంగతి అని మన పల్లెలలో చాలమంది అనుకుంటారు. ఫ్యాక్టరీ పొగను మనము ఆపలేము, సముద్రములో చేరిన చెత్తను మనము తీయలేము. అది నిజమే. అయితే అచ్చముగా మన చేతిలోనే ఉన్న సంగతులు కొన్ని ఉన్నవి. వాటిలో ఒక్కదానిని గూర్చి ఈ నెల వ్రాయదలచాము. మన ఇంటిలో గాని, సంఘములో గాని విందు ముగిసిన తరువాత మిగిలేదానిని గూర్చి.

పెండ్లి, బాప్తిస్మము, గృహప్రవేశ ప్రార్థన, ఆదరణ కూడిక, కోతకాలపు పండుగ, క్రిస్మస్ ప్రేమ విందు, ఏదైనా సరే, 300 మంది భోజనము చేశారనుకుందాము. మనిషికి ఒక ప్లేటు, నీళ్ళకు ఒక గ్లాసు, పాయసమునకో పెరుగుకో ఒక కప్పు, బయలుదేరేముందు టీకి మరొక కప్పు. ఒక్క పూటకు 1,200 వస్తువులు. నీళ్ళ ప్యాకెట్లు, బల్లల మీద పరచిన కాగితము వేరే లెక్క. ప్లేటు మన చేతిలో ఉండేది పావుగంట, టీ కప్పు అయితే రెండు నిమిషములు. ఆ తరువాత మందిరము వెనుక గోడ ప్రక్కన కుప్ప పడుతుంది. తెల్లవారిన తరువాత ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. గీయకపోతే గాలి దానిని చెరువు గట్టుకు చేరుస్తుంది.

కాల్చేస్తే శుభ్రమైపోయినట్లు కనబడుతుంది గాని, పోయినది కుప్ప మాత్రమే. థర్మాకోల్ ప్లేట్లు కాలేటప్పుడు వచ్చే నల్లని మసి, ఘాటైన పొగ ఊపిరితిత్తులకు హాని. ఫ్లెక్సీ బ్యానరు వంటి పి.వి.సి. సామాను కాలితే ఊపిరిని మండించే ఆమ్లవాయువుతో పాటు డయాక్సిన్లు అనే విషములు పుడతాయి. అవి గాలిలో కొంత దూరము పోయి గడ్డి మీద, మట్టి మీద దిగుతాయి. ఆ గడ్డి మేసిన గేదె పాల వెన్నలోనికి వచ్చి చేరుతాయి. ఆ పాలు త్రాగేది మన పిల్లలే. చెత్తను ఆరుబయట కాల్చకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. కాల్చిన వ్యక్తికి 5,000 రూపాయల జరిమానా అని కూడ చెప్పింది. మన ఊరిలో ఎవరైనా కట్టినట్లు మేము వినలేదు.

కాల్చని కుప్ప సంగతి పశువులున్న వారందరికీ తెలియవలసినది. ఆవు గాని గేదె గాని మేకవలె పెదవులతో ఏరుకొని తినదు. పైదవడకు ముందు పళ్ళు లేవు గనుక నాలుకతో చుట్టి, లాగి, మింగివేస్తుంది. మిగిలిన అన్నము, కూర కవరులో పోసి, ముడి వేసి పారవేస్తే వాసనకు వచ్చిన ఆవు ముడి విప్పుకోలేదు గదా, కవరుతో సహా మింగుతుంది. దాని పెద్దపొట్టలో గడ్డి నానుతుంది, పులుస్తుంది, నెమరుకు పైకి వస్తుంది. ప్లాస్టిక్ కరగదు, తరువాతి గదిలోనికి పోదు. ఒక కవరు మీద ఒక కవరు చుట్టుకొని త్రాడువలె, ముద్దవలె గట్టిపడుతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, నెమరు నిలిచిపోతుంది. కడుపు నిండుగా ఉన్నట్లు కనబడుతూనే ఆకలితో చచ్చిపోతుంది. ఎవరో దిష్టి పెట్టారనుకొనే ఇండ్లు ఇంకా ఉన్నవి.

ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. పుట్టపర్తిలో పశువులను సంరక్షించే కరుణ సొసైటీ వారు వీధి ఆవులకు ఆపరేషను చేయించి ఒక్కొక్క కడుపులోనుండి పదుల కిలోల ప్లాస్టిక్ తీయించారు. 2012లో వారు దీనిమీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ పశువులను ‘ప్లాస్టిక్ ఆవు’ అనే పేరుతో చిత్రముగా తీసి లోకమునకు చూపించారు కూడ.

కాబట్టి ఈ పుట చదివిన వారు ఈ రోజునుండే చేయగలిగిన పని ఒకటి ఉన్నది. పారవేసే కవరుకు ముడి వేయవద్దు. తినేది ఏదైనా దానిలో వేయవద్దు. అన్నము కుడితి తొట్టిలోనికి, కవరు వేరేచోటికి. పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్టుకే అంటిపెట్టి ఉంచితే ఆ చిన్న ముక్క మట్టిపాలు కాదు. కడిగి ఆరవేసిన పాల ప్యాకెట్లను, నీళ్ళ సీసాలను పాతసామాను కొనేవారు తీసికొంటారు. కూర అంటిన కవరును, థర్మాకోల్ ప్లేటును ఎవరూ కొనరు. పంచాయతీ ట్రాక్టరు వచ్చే ఊళ్ళలోనైనా తడి పొడి కలిసిపోయిన చెత్తతో వారు చేయగలిగినది తక్కువే.

ఇక్కడ ఒక హెచ్చరిక. విందులో మిగిలిన అన్నమంతా పుణ్యమని ఒకే ఆవుకు గంగాళముతో పెట్టకూడదు. గడ్డికి అలవాటుపడిన పొట్టలో అంత అన్నము ఒక్కసారి పడితే విపరీతముగా పులిసి, ఆ రాత్రికే పశువు పడిపోవచ్చును. నలుగురి ఇండ్లకు పంచి, ఒక్కొక్క పశువుకు కొద్దికొద్దిగా, గడ్డి మేసిన తరువాత పెట్టాలి. మిగిలినది ఎరువు గుంటలో మట్టి కప్పితే చేనుకు పనికివస్తుంది. అన్నిటికంటె మేలు, లెక్క చూచి వండుకొనుట. అయిదువేల మంది తిన్న దినమున మిగిలిన ముక్కలను పన్నెండు గంపలకు ఎత్తించిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. ఆ గడ్డినేల జనము లేచి వెళ్ళిన తరువాత ఎంత శుభ్రముగా ఉన్నదో మనము ఆలోచించము.

చట్టము ఇప్పటికే వచ్చింది. 2022 జూలై 1 నుండి దేశమంతట ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మాకోల్, 100 మైక్రాన్లకు తక్కువైన ప్లాస్టిక్ బ్యానర్లు నిషేధము. 120 మైక్రాన్లకు తక్కువ మందముగల సంచులు ఆ సంవత్సరము డిసెంబరు 31 నుండి నిషేధము. సంతలో చూస్తే అన్నీ దొరుకుతూనే ఉన్నవి. దొరుకుతున్నవి గదా అని మందిరములోనికి తేవడము మాకు సరిగా తోచదు.

ప్లాస్టిక్ మాని కాగితపు కప్పులు వాడుతున్నాము గదా అని కొందరంటారు. కాగితము ఒక్కటే అయితే వేడి టీకి మెత్తబడి జారిపోవును. లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉండబట్టే నిలుస్తుంది. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీరు 15 నిమిషములు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మమైన ప్లాస్టిక్ కణములు ఆ నీటిలో కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో కనుగొన్నారు. ఆకు విస్తళ్ళలో కూడ ఇప్పుడు వెనుక ప్లాస్టిక్ కాగితము అతికించినవి వస్తున్నవి. కొనేముందు గోటితో గీకి చూడండి. ఈనెలతో కుట్టిన మోదుగాకు విస్తరి, ఏజెన్సీ గిరిజన కుటుంబములు కోసి తెచ్చే అడ్డాకు విస్తరి, తోటలున్నచోట అరిటాకు, ఇవి మంచివి. తిన్న తరువాత అరిటాకును పశువే తింటుంది.

అయినను మేము ముఖ్యముగా చెప్పదలచినది స్టీలు ప్లేట్లను, గ్లాసులను గూర్చి. దీనిలో మరుగుపడిన సంగతి ఒకటి ఉన్నది. పారవేసే గ్లాసు మన పల్లెల టీ కొట్లకు వచ్చినప్పుడు మన పెద్దలలో కొందరు సంతోషించారు. అంతకుముందు అనేక ఊళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. కొందరికి లోపలి గ్లాసు, మనవారికి చూరులోనో గోడ గూటిలోనో పెట్టిన వేరు గ్లాసు, అదీ త్రాగినవారే కడిగి పెట్టవలెను. ప్లాస్టిక్ గ్లాసు వచ్చి అందరికీ ఒకే గ్లాసు అయినది. ఆ ఊరట చిన్నది కాదు, దానిని మేము తక్కువ చేయము. కాని అది ఎవరి ఎంగిలినీ ఎవరూ ముట్టనక్కరలేని ఏర్పాటే గాని, ఒకరు త్రాగిన గ్లాసు కడిగి మరొకరు త్రాగుట కాదు. టీ కొట్టును మనము మార్చలేకపోవచ్చును. మన సంఘపు పందిరిలో అందరూ కూర్చుండి, ఒకే వరుసలో, ఒకే రకము ప్లేటులో తిని, ఆ ప్లేట్లు అందరము కలిసి కడుగుట మాత్రము మన చేతిలో పని.

‘అందరము’ అని ఊరకనే అనలేదు. స్టీలు ప్లేట్ల మాట రాగానే స్త్రీల సమాజములో సహోదరీలు అడిగే మొదటి ప్రశ్న, కడిగేది ఎవరు అని. న్యాయమైన ప్రశ్న. తెల్లవారుజామున కూరగాయలు తరిగినది వారు, పొయ్యి దగ్గర నిలువబడినది వారు. మూడు వందల ప్లేట్లు కూడ వారి నెత్తిన వేసేటట్లయితే ఈ మాట ఎత్తకపోవుటయే మేలు. వంటకు రాని చేతులు తోమడమునకు రావలెను. యువజనులు, సంఘ పెద్దలు, మగవారు. ఎవరి ప్లేటు వారు కడిగితే సరిపోదా అంటే, కుళాయి దగ్గర మూడు వందల మంది గుంపు అవుతుంది, నీళ్ళు ఎక్కువ పోతాయి. ఎంగిలి విదిల్చేందుకు ఒక బుట్ట, తోమేందుకు బూడిదో సబ్బుపొడో కలిపిన గంగాళము, తొలిచేందుకు రెండు గంగాళములు పెట్టి, పదిమంది వంతున కూర్చుంటే గంటలో ముగుస్తుంది. తొలిచిన నీళ్ళు మందిరము ఆవరణలోని వేప మొక్కలకు పోయవచ్చును. ట్యాంకరు నీళ్ళతో గడిపే ఊళ్ళలో, ఎండాకాలపు కూడికలకు ఆకు విస్తరియే వాడుకొమ్మని చెబుతాము.

సిద్దిపేట జిల్లాలో కొన్ని గ్రామాలు స్టీలు బ్యాంకు అని పెట్టుకొన్నవి. ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు స్త్రీల పొదుపు సంఘముల దగ్గర ఉంటాయి. ఊరిలో ఎవరి ఇంట పెండ్లి అయినా కొద్ది బాడుగకు తీసికొని వెళ్ళి తిరిగి అప్పగిస్తారు. మన సంఘములలో ఇది ఇంకా సులువు. కృతజ్ఞత కానుకగా ఒక కుటుంబము పది ప్లేట్లు ఇస్తే, ముప్పది కుటుంబములకు మూడు వందలు. పొరుగు వీధివారు, వేరే మతమువారు అడిగినా ఇవ్వవలెనని మా అభిప్రాయము. బాడుగ డబ్బు పగిలినవాటికి, పోయినవాటికి సరిపోతుంది. తాళపుచెవి పాస్టరమ్మగారి దగ్గర ఉంచవద్దు, ఆమెకున్న పనులు చాలు. ఇద్దరు యువజనులకు అప్పగించి పుస్తకములో వ్రాయించండి. ఎన్ని వెళ్ళినవి, ఎన్ని వచ్చినవి, గంటెలతో సహా.

పేరు చెక్కే మిషను స్టీలు సామాన్ల కొట్టులోనే ఉంటుంది. కొనేటప్పుడు అడిగితే అక్కడే చెక్కి ఇస్తారు. ఇచ్చినవారి పేర్లు వేయిస్తే ఎవరి ప్లేటులో ఎవరు తిన్నారనే మాటలు పుడతాయి. సంఘము పేరు, సంవత్సరము వేయించండి చాలు.