దివాలా తీసిన కంపెనీలో బాసులకు బోనస్‌లా? అమెరికా జడ్జీలు అడిగే ప్రశ్న ఇదే..

కంపెనీ దివాలా తీసింది. షాపులకు తాళాలు పడుతున్నాయి. వేల ఉద్యోగాలు పోతున్నాయి. పెద్ద బాసులకు మాత్రం బోనస్‌లు! అమెరికాలో పెద్ద కంపెనీ కూలిన ప్రతిసారీ దాదాపు ఇదే రచ్చ. మరి కోర్టులు ఏం చేస్తున్నాయి?

టాయ్స్ ఆర్ అస్‌లో ఏం జరిగింది?

2017 సెప్టెంబర్‌లో బొమ్మల దుకాణాల దిగ్గజం టాయ్స్ ఆర్ అస్ దివాలా పిటిషన్ వేసింది. అంతకు కొద్ది రోజుల ముందే టాప్ ఎగ్జిక్యూటివ్‌లకు 82 లక్షల డాలర్లు ఇచ్చేసింది. ఆ తర్వాత టార్గెట్లు చూపించి మరిన్ని బోనస్‌లకు పర్మిషన్ అడిగింది. అభ్యంతరాలు వచ్చినా డిసెంబర్‌లో కోర్టు ఓకే చెప్పింది. కట్ చేస్తే.. 2018 మార్చిలో అమెరికాలోని దుకాణాలన్నీ మూసేస్తున్నట్టు ప్రకటన. 30 వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్లు ఆందోళనకు దిగాకే కేకేఆర్, బెయిన్ సంస్థలు 2 కోట్ల డాలర్ల సాయనిధి ఇచ్చాయి.

బాసులే ఎందుకు ఉంటారు?

మన దేశంలో దివాలా కేసును ట్రైబ్యునల్ స్వీకరిస్తే బోర్డు అధికారాలు సస్పెండ్ అవుతాయి. పగ్గాలు రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తాయి. అమెరికా చాప్టర్ 11లో అలా కాదు. సాధారణంగా పాత మేనేజ్‌మెంటే కంపెనీని నడుపుతుంది. 'వీళ్లు వెళ్లిపోతే కంపెనీ విలువ పడిపోతుంది, అప్పులిచ్చిన వాళ్లకే నష్టం' అన్నది కంపెనీల వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు.

పేరు మారింది.. చెక్కు మారలేదు

ఎన్రాన్ లాంటి కుంభకోణాల తర్వాత 2005లో అమెరికా చట్టాన్ని బిగించింది. 'ఉద్యోగం మానకుండా ఉన్నందుకు' టాప్ అధికారులకు బోనస్ ఇవ్వాలంటే.. వాళ్లకు బయట నిజమైన జాబ్ ఆఫర్ ఉండాలి. వాళ్లు లేకపోతే వ్యాపారం నడవదని నిరూపించాలి. మొత్తానికీ పరిమితి ఉంది. దాంతో కంపెనీలు రూటు మార్చాయి. ఉండిపోయినందుకు కాదు, టార్గెట్ కొట్టినందుకు ఇస్తున్నాం అంటూ 'ఇన్సెంటివ్' అని పేరు పెట్టాయి.

అందుకే ఇప్పుడు జడ్జీలు అడిగే అసలు ప్రశ్న.. ఆ టార్గెట్ నిజంగా కష్టపడితేనే వచ్చేదా? ఊరికే కూర్చున్నా వచ్చేదా?

2012లో విమానాల కంపెనీ హాకర్ బీచ్‌క్రాఫ్ట్ 8 మంది అధికారుల కోసం 50 లక్షల డాలర్లు దాటిన ప్లాన్ తెచ్చింది. టార్గెట్లు మరీ తేలిగ్గా ఉన్నాయంటూ కోర్టు తిప్పికొట్టింది. అదే ఏడాది రెసిడెన్షియల్ క్యాపిటల్ ప్లాన్‌కూ చుక్కెదురైంది. దివాలాకు ముందే మాట్లాడుకున్న ఆస్తుల అమ్మకాలకు మళ్లీ ఇన్సెంటివ్ ఏంటన్నది అక్కడి అభ్యంతరం.

అసలు లొసుగు ఇక్కడే!

ఈ పరిశీలన అంతా పిటిషన్ పడ్డాకే. ముందు రోజు చెక్కు రాసేస్తే? జడ్జి అనుమతి అక్కర్లేదు. 2020లో కార్ల అద్దె సంస్థ హెర్ట్జ్ చేసిందదే. పిటిషన్‌కు కొద్ది రోజుల ముందు 340 మందికి 1.62 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పటికే వేల మందిని ఇంటికి పంపింది. ఆ ఏడాది ఇలా 42 కంపెనీలు దివాలాకు ముందే 16.5 కోట్ల డాలర్లు పంచాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో తేల్చింది. ఈ లొసుగును పూడ్చే ఆలోచన చేయాలని కాంగ్రెస్‌కు సూచించింది.

కోర్టు ఎంత గట్టిగా ప్రశ్నించినా.. తన ముందుకొచ్చిన బోనస్‌నే ఆపగలదు. ముందే జేబులో పడినదాన్ని వెనక్కి రప్పించడం మాత్రం అంత ఈజీ కాదు.