గోదావరి గట్టున నడిచేవారికి దారేది?

రాజమహేంద్రవరం: 2027 పుష్కరాలకు ముందే నగరంలోని నదీతీరాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలని ప్రభుత్వం సంకల్పించింది. ఇందుకై ‘అఖండ గోదావరి’ పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెనను చూడదగిన స్థలంగా మార్చడం ఇందులో ముఖ్యమైనది.

మంచిదే. అయితే పల్లెల నుండి బస్సు దిగి మూటాముల్లెతో కాలినడకన వచ్చేవారి సంగతేమిటన్నది ప్రశ్న. 2015 జూలై 14న, పుష్కరాల తొలిరోజున, పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా మరణించారు. నది పొడవునా రేవులున్నా జనం ఒక్కచోటికే చేరితే జరిగే అనర్థమిది. ఎక్కడ మునిగినా గోదావరి ఒక్కటే. కాని కొత్తవారికి మిగతా రేవుల దారి తెలియాలి కదా!

కోటిలింగాల రేవు నుండి గౌతమీ ఘాట్ దాకా గట్టు వెంట నీడ, మంచినీరు, మరుగుదొడ్లు, పెద్ద తెలుగు అక్షరాల బోర్డులు ఉంటే జనం తమంత తామే సర్దుకుంటారు. స్నానం చేసినవారు పిన్న వయసులోనే కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలనూ, గౌతమీ గ్రంథాలయంలోని తాళపత్రాలనూ చూసి వెళతారు. రేవు వద్ద రద్దీ కూడ తగ్గుతుంది.

దీపాలంకరణ తరువాతనైనా చేయవచ్చు. నడిచే దారి మాత్రం పుష్కరాలకు ముందే సిద్ధం కావాలి. అధికారులు ఈ విషయం గుర్తించుట అవసరం.