లింక్ పెట్టేవాడికి కోర్సు ఊరికే ఇవ్వాలా?

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా ఏదో ఒక లింక్. ఎక్సెల్ కోర్సు, రెజ్యూమె టెంప్లేట్లు, గ్రూప్స్ నోట్స్ పీడీఎఫ్, రీల్స్ ఎడిటింగ్ క్లాసులు. పెట్టింది మన కాలేజీ సీనియరో, పక్కవీధి కుర్రాడో అయి ఉంటాడు. లింక్ చివర వాడి కోడ్ ఉంటుంది. దాని మీద నొక్కి ఎవరైనా కొంటే వాడికి కమీషన్. అఫిలియేట్ అంటే అంతే, మన మాటల్లో అమ్మిపెట్టేవాడు.

ఇలాంటి సరుకు తయారుచేసే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. అమ్మిపెడతానని వచ్చినవాడు "మరి నాకు కోర్సు ఫ్రీగా ఇస్తారా?" అని అడుగుతాడు. ఇవ్వాలా, కొనుక్కోమనాలా? వినడానికి చిన్న విషయమే. కానీ తయారుచేసినవాళ్ల డబ్బు, అమ్మేవాడి పరువు, కొనేవాడి నమ్మకం మూడూ దీంతో ముడిపడి ఉన్నాయి.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెనాలిలో ఒక అకౌంటెంట్. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని, చిన్న షాపుల వాళ్లకి ట్యాలీ, జీఎస్టీ నేర్పే కోర్సు తెలుగులో వీడియోలు తీశారు. ధర 999 రూపాయలు. అమ్మిపెట్టినవాళ్లకి ఒక్కో దాని మీద 300. ఇరవై మంది ముందుకొచ్చారు, ఇరవై మందీ కోర్సు అడిగారు.

ఆవిడ మొదట వేసే లెక్క ఇలా ఉంటుంది: ఇరవై ఇంటూ 999, మొత్తం 19,980 రూపాయలు గంగలో కలిసినట్టే. ఈ లెక్క తప్పు. ఆ ఇరవై మందిలో ఎలాగూ కొనబోయేవాళ్లు ఎంతమందో, పోయేది అంతే. నలుగురు కొనేవాళ్లే అనుకోండి, పోయింది 3,996. అఫిలియేట్ ద్వారా ఒక్కో అమ్మకానికి ఆవిడకి మిగిలేది 699. గేట్‌వే చార్జీలు, పన్నులు పక్కన పెడితే ఆరు అమ్మకాలకి 4,194 వస్తుంది. అంటే ఇరవై మందీ కలిసి ఆరు అమ్మితే చాలు, ఇచ్చినదంతా తిరిగొచ్చేసింది.

ఒక్క జాగ్రత్త. రికార్డ్ చేసిన వీడియోకి ఇంకో మనిషి చూసినంత మాత్రాన పెద్ద ఖర్చేమీ పెరగదు. కానీ అందులో లైవ్ క్లాసులు ఉంటే మీ సమయం పోతుంది. ఏఐ టూల్ అయితే వాడినకొద్దీ బిల్లు వస్తుంది. అలాంటివి ఫ్రీగా ఇస్తే నిజంగానే జేబులోంచి పోతుంది. అక్కడ పూర్తి యాక్సెస్ బదులు రెండు క్లాసులో, కొన్ని క్రెడిట్లో ఇచ్చి ఆపాలి.

చూడకుండా అమ్మితే ఏమవుతుంది?

ఇవ్వకపోతే పోయేది ఎంతో కూడా లెక్కేయాలి కదా. రేపల్లెలో ఒక ఫ్యాన్సీ షాపు ఆయన లింక్ చూసి ఫోన్ చేస్తాడు. "బాబూ, మాది కాంపోజిషన్ స్కీమ్. ఈ కోర్సు మాకు పనికొస్తుందా?" అంటాడు. న్యాయమైన ప్రశ్న. మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్లు వేసేది జీఎస్టీఆర్-1, 3బీ. కాంపోజిషన్ వాళ్లు మూడు నెలలకోసారి సీఎంపీ-08 వేసి, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 వేస్తారు. కోర్సులో ఆ పాఠం ఉందో లేదో చూసినవాడికే తెలుస్తుంది. చూడనివాడు ఏమంటాడు? "అన్నీ ఉన్నాయండీ, మీరు కొనేయండి" అంటాడు.

పాఠం లేదని తేలాక ఆయన రిఫండ్ అడుగుతాడు. 999 వెనక్కి ఇవ్వాలి, చాలా గేట్‌వేలు తమ చార్జీ మాత్రం తిరిగి ఇవ్వవు. అక్కడితో అయిపోతే బాగానే ఉండు. హైదరాబాద్‌లో అయితే అమ్మినవాడెవడో కొన్నవాడెవడో. మన దగ్గర అలా కాదు. కొన్నాయనే రేపు తెనాలి స్టేషన్‌లో రేపల్లె బండి దగ్గర ఎదురుపడతాడు. "ఏం బాబూ, అన్నీ ఉన్నాయన్నావు?" అంటాడు. మూడొందల కమీషన్ కోసం ఆ ఒక్క మాట పడటం ఏ కుర్రాడికైనా ఖరీదైన బేరమే.

అమెజాన్ 1996లోనే అసోసియేట్స్ అని లింకుల మీద కమీషన్ మొదలెట్టింది. అందులో చేరినంత మాత్రాన పుస్తకాలు ఊరికే రావు. మరి మనమెందుకు ఇవ్వాలి అంటారా? పుస్తకాన్నో, ఫోన్‌నో ఎవరైనా షాపుకెళ్లి తిప్పి చూసుకోవచ్చు. లాగిన్ వెనకాల ఉన్న కోర్సుని తిప్పి చూసే దారి లేదు. చూపించేవాడు అఫిలియేట్ ఒక్కడే. వాడికే కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుంది?

బాపట్ల దారి

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన వరి విత్తనంలో ఎప్పట్నుంచో ఉంది. మనం తినే సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. 1986లో విడుదలైన వంగడం. ఇది హైబ్రిడ్ కాదు కాబట్టి పండిన గింజనే మళ్లీ విత్తనంగా వేసుకోవచ్చు, పక్కవాడికీ ఇవ్వచ్చు. అంటే పీడీఎఫ్ లాంటిదే, ఒకసారి చెయ్యి దాటితే కాపీలు ఆగవు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం కూడా రైతు తన విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కుని కాపాడింది. బ్రాండ్ పేరు వేసి మాత్రం అమ్మకూడదంది.

అలాంటి సరుకుని వ్యవసాయ శాస్త్రవేత్తలు రైతుకి ఎలా పరిచయం చేస్తారు? మినీకిట్ అని ఉంటుంది. కొత్త వంగడం విత్తనం చిన్న సంచిలో పెట్టి కొందరు రైతులకి ఇస్తారు. వాళ్లు సొంత పొలంలో కొంచెం చోట వేసి చూస్తారు. దిగుబడి ఎంత, తెగులు వచ్చిందా, పడిపోయిందా అన్నది తిరిగి చెబుతారు. ఈలోపు చుట్టుపక్కల రైతులు గట్టు మీద నుంచుని చూస్తూనే ఉంటారు. ఆ చూపుకి మించిన ప్రకటన లేదు.

ఇందులో మూడు సంగతులున్నాయి. ఇచ్చేది చిన్న సంచి, బస్తా కాదు. నిజంగా వేసేవాడికే ఇస్తారు, అడిగిన ప్రతివాడికీ కాదు. పండినా పండకపోయినా కబురు వెనక్కి రావాలి. డిజిటల్ సరుక్కి కూడా ఈ మూడూ చాలు.

ఎవరికి, ఎంత?

మన తెనాలి ఆవిడ దగ్గరికి వచ్చిన ఇరవై మందిలో ముగ్గుర్ని చూద్దాం.

మొదటివాడు బాపట్లలో బీటెక్ చదివే కుర్రాడు. ఇన్‌స్టాలో పేజీ ఉంది, ఫాలోయర్లు కొద్దిమందే గానీ కామెంట్లకి ఓపిగ్గా జవాబిస్తాడు. వాడికీ కోర్సు నేర్చుకోవాలని ఉంది, అంటే కొనే రకమే. వాడికి మొదటి రెండు మాడ్యూళ్లు తెరవండి. అవి చూసి సొంత మాటల్లో ఒక వీడియో చేస్తే మిగతావి తెరవండి. ముందు డబ్బు కట్టమనక్కర్లేదు, ముందు పని చూస్తే చాలు.

రెండోవాళ్లు రేపల్లెలో కంప్యూటర్ సెంటర్ నడిపే మాస్టారు. ఆయన ఎప్పటికీ కొనరు, ఆయనకి ట్యాలీ వచ్చు. కానీ ఆయన "బాగుంది" అన్నారంటే పదిమంది కొంటారు. ఇవ్వాల్సిన మొదటి మనిషి ఆయనే. ప్రమాదం కూడా ఆయన దగ్గరే ఉంది. ఒక్క లాగిన్‌తో ప్రొజెక్టర్ మీద వేస్తే బ్యాచ్ మొత్తం చూసేస్తుంది. ఆయన తప్పేం లేదు, వద్దని మీరు చెప్పలేదు. కాబట్టి ముందే చెప్పాలి: "మాస్టారూ, ఇది మీరు చూడ్డానికి. క్లాసులో వేస్తామంటే దానికి వేరే రేటు మాట్లాడుకుందాం." ఇలా అంటే దొంగతనం కావలసింది కాస్తా ఇంకో అమ్మకం అవుతుంది.

మూడోవాడికి టెలిగ్రామ్‌లో పెద్ద ఆఫర్ల చానెల్. రోజుకి నలభై లింకులు పెడతాడు. వాడు కోర్సు చూడడు, చూసే టైమ్ కూడా లేదు. వాడికి లింక్, డెమో వీడియో, కోర్సులో ఏముందో ఏం లేదో రాసిన ఒక పేజీ ఇస్తే సరిపోతుంది. లాగిన్ ఇచ్చారా, అది అమ్మకానికి ఉపయోగపడదు సరికదా, సాయంత్రానికి ఇంకో చానెల్‌లో తేలే ప్రమాదం ఉంది.

ఇంజనీర్‌గా నాలుగు మాటలు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పంపొద్దు. ఒక్కొక్కరి ఈమెయిల్‌కి ఒకసారి మాత్రమే పనిచేసే నూరు శాతం కూపన్ ఇవ్వండి. ఆ అకౌంట్లకి డేటాబేస్‌లో అఫిలియేట్ అని గుర్తు పెట్టుకోండి, లేదంటే నెలాఖర్లో అవి కూడా అమ్మకాల్లో కలిసి లెక్క తప్పుతుంది. యాక్సెస్‌కి 90 రోజుల గడువు పెట్టి, అమ్మినా, పనికొచ్చే సలహా చెప్పినా పొడిగించండి. పీడీఎఫ్ అయితే ప్రతి పేజీ మీద తీసుకున్నవాళ్ల పేరు, ఈమెయిల్ సన్నగా పడేలా చేయండి. కాపీని అది ఆపలేదు గానీ, పంపేవాడి బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది. కమీషన్ మాత్రం రిఫండ్ గడువు దాటాకే వేయండి. సొంత లింక్ మీద సొంతంగా కొన్నదానికి కమీషన్ ఉందో లేదో మొదటిరోజే చెప్పేయండి.

చట్టం కూడా ఇదే అంటోంది

చూసి చెప్పడం మంచితనమే కాదు, ఇప్పుడు అవసరం కూడా. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం సూచనలు ఇచ్చింది. ఏదైనా వస్తువుని మెచ్చుకునేవాళ్లు దాన్ని నిజంగా వాడి ఉండాలని అందులో సిఫార్సు చేసింది. డబ్బే కాదు, ఫ్రీగా వచ్చిన వస్తువు కూడా బయటికి చెప్పాల్సిన సంబంధమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే, మెచ్చుకున్నవాళ్ల మీద కూడా మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. చెప్పిన మాటలు నిజమో కాదో తగిన జాగ్రత్తతో సరిచూసుకున్నవాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది. కోర్సు తెరిచే చూడనివాడు ఏం సరిచూసుకున్నానని చెబుతాడు?

కాబట్టి ఫ్రీ యాక్సెస్ ఇచ్చేటప్పుడే ఒక వాక్యం కూడా ఇవ్వండి: "ఈ కోర్సు నాకు ఉచితంగా ఇచ్చారు, ఈ లింక్ మీద కొంటే నాకు కమీషన్ వస్తుంది." పోస్టులో ఇది తెలుగులో, పైనే కనపడాలి. ఇది చూసి జనం పారిపోతారని భయం వద్దు. మన ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్యకి డబ్బులు ముడతాయని అందరికీ తెలుసు, అయినా సంబంధాలు కుదురుతూనే ఉన్నాయి. దాచినప్పుడే గొడవ.

మీరు అమ్మేవైపు ఉంటే

ఇది చదివేవాళ్లలో కోర్సు తయారుచేసేవాళ్లకంటే లింక్ పంచేవాళ్లే ఎక్కువ అని నాకు తెలుసు. అసలు ముఖ్యమైన మాట మీకే. "అఫిలియేట్ అవ్వాలంటే ముందు మా కోర్సు కొనాలి, తర్వాత ఇదే కోర్సు ఇంకో నలుగురికి అమ్మితే మీ డబ్బు వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే ఆగండి. ఆ నలుగురూ ఇంకో నలుగురిని వెతకాలి. ఆ పదహారు మందీ అరవై నలుగురిని. ఇంకో మూడు మెట్లు ఎక్కితే నాలుగు వేల మంది దాటాలి. కోర్సు నేర్చుకోవాలనుకునే ఊరు ఎంతటిదైనా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగినచోట ఉన్నవాడే మునుగుతాడు, వాడు మీ తమ్ముడో, క్లాస్‌మేటో అయి ఉంటాడు. కొత్తవాళ్లని చేర్పించడం మీదే డబ్బు తిరిగే పథకాలను మన దేశం 1978లోనే చట్టం చేసి నిషేధించింది. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలు కూడదని మళ్లీ చెప్పాయి.

తన సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్లు చూపించడానికి జంకరు. మొత్తం కాకపోయినా రెండు పాఠాలైనా తెరిచి పెడతారు. అందుకని ఈసారి ఎవరైనా "మా లింక్ పెట్టు బ్రో, ముప్పై శాతం ఇస్తా" అంటే కమీషన్ ఎంతని అడిగే ముందు లాగిన్ అడగండి. ఇస్తే కూర్చుని చూడండి. బాగుంటే బాగుందనీ, ఏది లేదో అది లేదనీ రాయండి. ఇవ్వనంటే పోయేదేం లేదు, మూడొందలు. మీ నంబర్ చూసి ఫోన్ ఎత్తే మనుషులు మాత్రం అలాగే ఉంటారు.