చీకుల బండికి కోటు తొడిగితే విందైపోదు

రిసెప్షన్ మెనూల్లో ఈమధ్య ఒక కొత్త వరుస కనిపిస్తోంది: లైవ్ బార్బిక్యూ. నలభై రకాల కింద, ఐస్‌క్రీములకు కాస్త పైన ఉంటుంది. ఫంక్షన్ హాలు లాన్‌లో ఓ మూల నాలుగడుగుల ఇనప పొయ్యి, దాని వెనక నల్లకోటు వేసుకుని చెమటలు కక్కే కుర్రాడు, ముందు ఖాళీ ప్లేట్లతో ముప్పై మంది. ఆ కౌంటరుకి పెళ్లివారు విడిగా డబ్బు కడతారు. అతిథి పావుగంట నిలబడి రెండు ముక్కలు తెచ్చుకుంటాడు. అవి అంచుల్లో మాడి, నడుమ రబ్బరులా సాగుతుంటాయి. తప్పు కుర్రాడిది కాదు, మసాలాది అంతకన్నా కాదు. సాయంత్రం వీధి మలుపులో చీకుల బండి దగ్గర నలుగురికి వేడివేడిగా అందే రుచిని తెచ్చి ఆరు వందల మంది ముందు పెట్టమనడంలోనే తప్పుంది. రిసెప్షన్‌కి నిప్పుల మీది వంట పెట్టాలని ముచ్చటపడితే విందంతా దాని చుట్టూ అల్లుకోవాలి. నలభయ్యొకటో రకంగా చేర్చేటట్టయితే దాని జోలికి పోకపోవడమే మేలు.

ముందు లెక్క చూద్దాం. ఆ పొయ్యి మీద ఒకేసారి 20 ఊచలు పడతాయనుకుందాం, ఊచకి 5 ముక్కలు. బోన్‌లెస్ చికెన్ నిదానంగా, లోపలి దాకా ఉడకడానికి 15 నిమిషాలు వేసుకోండి. గంటకి 400 ముక్కలు. అదీ ఒక ఊచ దించిన క్షణంలో ఇంకోటి ఎక్కించి, బొగ్గు ఎక్కడా చల్లబడకుండా చూసుకుంటే. అతిథులు 600 మంది, మనిషికి 3 ముక్కలంటే మొత్తం 1,800. ఒక పొయ్యికి నాలుగున్నర గంటల పని. జనం నాలుగున్నర గంటల పాటు విడతలు విడతలుగా రారు కదా. వేదిక ఎక్కి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి అందరూ రాత్రి ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య భోజనాల మీద పడతారు. మూడు పొయ్యిలు పెడితే కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ ఆ గంటన్నరలోనూ ఒక అరగంట ఉప్పెనలా వస్తుంది. ఆ అరగంటలో సగం మంది వచ్చినా మూడు పొయ్యిలూ కలిసి ఇవ్వగలిగేది 600 ముక్కలే, కావలసింది 900. పలావు అయితే ఇంకో గరిటె తీసి పెడతారు. ఊచ మీది ముక్కని తొందరపెట్టే దారి లేదు.

ఈ లెక్క అందరికంటే బాగా తెలిసినవాడు కేటరరే. అందుకే అతను తన జాగ్రత్తలో తాను ఉంటాడు. మధ్యాహ్నమే ముక్కల్ని సగం ఉడికించి ట్రేలలో పేర్చుకుంటారు. రాత్రి పొయ్యి మీద జరిగేది వంట కాదు, వేడి చెయ్యడం. బ్రష్షుతో వెన్న రాస్తే నిప్పుల మీద పడి భగ్గున మంట లేస్తుంది, ఫోన్లు పైకి లేస్తాయి, వంట లైవ్ అనిపించుకుంటుంది. పొగ వాసన చాలకపోతే మాంసం మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో నిప్పు కణిక వేసి, నెయ్యి చుక్క వదిలి మూత పెడతారు. రుచి సంగతి అలా ఉంచినా, సగం ఉడికిన కోడిమాంసాన్ని గంటల తరబడి గోరువెచ్చగా ఉంచడం నిజంగా ప్రమాదం. వండిన పదార్థాన్ని గది వేడిమిలో 2 గంటలకు మించి ఉంచవద్దనీ, వడ్డించే దాకా 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కోడిమాంసం లోపల 74 డిగ్రీలకి చేరాలనీ, మాంసాన్ని సగం వండి దాచి తర్వాత పూర్తి చెయ్యడం వద్దనీ అమెరికా వ్యవసాయ శాఖ గట్టిగా అంటుంది. మే నెలలో, ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో, ఆరేడు గంటలు కాచుక్కూర్చున్న ట్రే ఈ రెండు మాటలకూ ఎంత దూరంలో ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే బార్బిక్యూ పెళ్లిళ్లకు పనికిరాదని తేల్చెయ్యాలా? అక్కర్లేదు. బార్బిక్యూ పుట్టిందే జనం కోసం. మనం దాని పేరు పెట్టుకుని వేరే వంట చేస్తున్నాం. కరీబియన్ దీవుల తైనో ప్రజలు మాంసాన్ని నిప్పుకి ఎత్తుగా పెట్టడానికి కట్టుకున్న కర్రల మంచె నుంచి ఆ మాట వచ్చింది. అమెరికా దక్షిణాదిలో అది ఊరంతటికీ పెట్టే భోజనమైంది. జార్జి వాషింగ్టన్ 1769లో అలెగ్జాండ్రియాలో జరిగిన బార్బిక్యూకి వెళ్లినట్టు తన డైరీలో రాసుకున్నాడు. ఎన్నికల సభలకూ పండగలకూ గోతులు తవ్వి, రాత్రంతా కట్టెలు కాల్చి, జంతువుకి జంతువునే నిదానంగా వండేవారు. ఆ గోతుల దగ్గర రాత్రంతా మేలుకుని వండినవాళ్లలో ఎక్కువ మంది బానిసలుగా ఉన్న నల్లజాతివారు. ఈ విద్య వాళ్ల చేతుల్లోనే పదునెక్కింది. ఇప్పటికీ టెక్సాస్‌లో బ్రిస్కెట్ అనే ఎద్దు ఛాతీ మాంసాన్ని 110, 130 డిగ్రీల మధ్య పొగలో 10 నుంచి 14 గంటలు ఉంచుతారు. గట్టి మాంసంలో కండల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం ఆ నిదానపు వేడికి కరిగి జెలటిన్ అవుతుంది. నమలలేని ముక్క వేలితో విడిపోతుంది. మన పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఇలా వండిన మాంసాన్ని కాగితంలో చుట్టి, వేడి పోని పెట్టెలో మూడు నాలుగు గంటలు ఉంచినా రుచి తగ్గదు. పైగా రసం సర్దుకుని ఇంకా బావుంటుంది. చికెన్ చీకుకి ఆయుష్షు పది నిమిషాలు. నిదానపు వంటకి ఒక పూట. ఆరు వందల మంది వచ్చే చోటికి వీటిలో ఏది పనికొస్తుందో వేరే చెప్పాలా?

ఇది మనకు తెలియని విద్యా కాదు. హైదరాబాద్ బార్కస్‌లో, నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల వీధుల్లో, మండీ ఇలాంటిదే. మూత పెట్టిన పొయ్యిలో కింద అన్నం, పైన మాంసం, ఆ మాంసం రసం చుక్కలు చుక్కలుగా అన్నంలోకి. మూత తీశాక ఒకేసారి ఎందరికైనా వడ్డించవచ్చు. రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్ అద్భుతంగా ఉంటుంది, కానీ చీకుల జాతిదే, అప్పటికప్పుడు తినాలి. అరకు బొంగు చికెన్ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఇక సరుకు అంటారా, 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.9 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, సుమారు 1.76 కోట్లు. పొట్టేలు జబ్బ, తొడ నిదానపు సెగకి పుట్టినట్టుంటాయి. ఐదారు గంటల పని. ఎముకతో కొన్న పచ్చిమాంసం వండాక బరువులో సగానికి వస్తుందనుకుని, మనిషికి 150 గ్రాములు వేసుకుంటే, మాంసం తినేవాళ్లు 400 మందికి 60 కిలోల వండిన మాంసం, అంటే 120 కిలోల పచ్చిది కావాలి. పొద్దున పది గంటలకు పొయ్యి ఎక్కిస్తే మధ్యాహ్నం నాలుగింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత దాన్ని 60 డిగ్రీలకి తగ్గకుండా పెట్టెల్లో ఉంచి, రాత్రి బల్ల మీద కత్తితో కోసి వడ్డించడమే మిగులుతుంది. కొయ్యడానికి నిమిషాలు చాలు. క్యూ కదులుతుంది.

‘ఇంత మాంసం ఒక్క రకం మీదే పెడితే మిగతా రకాలు తగ్గాలి, నాలుగు రకాలు పెట్టి పంపించారని జనం అనరా?’ అని అడుగుతారు. అన్ని అభ్యంతరాల్లోకీ బలమైనది ఇదే. పెళ్లిలో తిండి ఆకలి తీర్చడానికే కాదు, పరువు నిలపడానికి కూడా. దాన్ని వెక్కిరించి లాభం లేదు. కానీ పరువుకి కొలత రకాల లెక్క ఎప్పటి నుంచి అయింది? బంతి భోజనాల రోజుల్లో విస్తట్లో పట్టేవే పెట్టేవారు. మర్యాదంతా కొసరడంలో ఉండేది. చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వెయ్యడం, ఇంటిపెద్ద వరసల మధ్య తిరుగుతూ నెయ్యి అందిందా అని అడగడం. బఫే వచ్చాక వడ్డించే చెయ్యి పోయింది, దాని స్థానంలోకి రకాల సంఖ్య వచ్చి కూర్చుంది. దాని వల్ల నష్టం ఎలా పెరుగుతుందో కూడా చూడాలి. ఎవరు ఏది తింటారో తెలియదు కాబట్టి కేటరర్ ప్రతి రకాన్నీ సగం మందికైనా సరిపడా వండాలి. మనిషి కడుపు మాత్రం నలభై రకాలకు పెరగదు. రకం పెరిగిన కొద్దీ మిగులు పెరుగుతుంది. పెళ్లిలో అతిథులకీ వంటకాలకీ ప్రభుత్వం పరిమితి పెట్టేలా రంజీత్ రంజన్ అనే ఎంపీ 2016 నాటి ప్రైవేటు బిల్లులో ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు, కాకపోవడమే మంచిది. మన విస్తట్లో ఏముండాలో పార్లమెంటు చెప్పక్కర్లేదు. కానీ కోతబల్ల దగ్గర నిలబడిన మనిషి ‘ఇంకో ముక్క వెయ్యనా అండీ’ అని అడిగితే, ఎవరూ మూత తియ్యని ఇరవై స్టీలు పాత్రలకన్నా అతిథికి ఎక్కువ గౌరవం దక్కినట్టే.

పెద్దవాళ్ల సంగతి అంటారు. అన్నం లేనిదే మనకు భోజనం చేసినట్టుండదన్నది నిజం, దాన్ని మార్చబోతే బార్బిక్యూయే ఓడిపోతుంది. తెల్లన్నం, పప్పుచారు, గోంగూర, పెరుగు ఉండి తీరాలి. టెక్సాస్‌లో కొవ్వు మాంసం పక్కన పచ్చి ఉల్లిపాయ, ఊరగాయ పెడతారు, పులుపు కొవ్వుని కోస్తుందని. ఆ పని గోంగూర ఇంకా బాగా చేస్తుంది. పళ్లు సరిగా లేని పెద్దాయనకి ఊచ మీది టిక్కా కన్నా విడిపోయే జబ్బ మాంసమే హాయి. ఇక డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లకు చిక్కు వేరు. పొగ బండిని వాకిట్లోకి తెచ్చి వండిపెట్టే చేయి తిరిగిన వంటవాళ్లు అక్కడ దొరుకుతారు, కానీ వాళ్ల ప్రతాపమంతా ఎద్దుమాంసం, పందిమాంసం మీద. మన ఇళ్లలో చాలామంది ఆ రెండూ ముట్టరు. కోడి తొడలు, గొర్రె జబ్బ, టర్కీ అని ముందే తేల్చుకోవాలి. ముస్లిం స్నేహితులుంటే హలాల్ సంగతీ అడిగి పెట్టుకోవాలి.

శాకాహారుల విషయంలో మాత్రం ఇప్పటి లైవ్ కౌంటర్లు చేస్తున్నది అన్యాయం. కోడిముక్క దించిన ఊచకే పనీరు గుచ్చుతారు, అదే వెన్న గిన్నెలో అదే బ్రష్షు ముంచుతారు. పొయ్యి, పట్టుకారు, బ్రష్షు, వడ్డించే మనిషి, అన్నీ వేరుగా ఉండాలి. పొగ కలవనంత దూరం ఉండాలి. ఆ పొయ్యి మీద పనీరు, క్యాప్సికం తప్ప ఇంకేమీ తోచకపోవడం విచిత్రం. నిప్పుల్లో వంకాయ కాల్చి, తొక్క ఒలిచి, పచ్చిమిర్చితో నూరిన పచ్చడి మన నాలుక మరిచిపోలేదు. తంపటి వేసిన తేగలు, చిలగడదుంపలు, నిప్పుల మీది మొక్కజొన్న కంకులు, కంద చక్రాలు. ఇవన్నీ మన వంటే, ఏ కోటూ తొడగనవసరం లేదు. పైగా దుంపలు వేడిని పట్టుకుంటాయి, క్యూకి భయపడవు.

ఖర్చు మాట. మటన్ ఖరీదైనదే. ఇరవై రకాలు తగ్గితే మిగిలే డబ్బుతో ఆ తేడా పూడుతుందా అన్నది ఇంటింటి లెక్క, అన్ని చోట్లా పూడుతుందని అనలేను. పూడకపోతే అతిథుల జాబితాకి తగ్గట్టు కోడి తొడలకి దిగొచ్చు. ఛాతీ ముక్కలా అవి త్వరగా ఎండిపోవు. చోటు విషయంలో మాత్రం రాజీ కుదరదు. బొగ్గుపొయ్యిని ఏసీ హాలులోకి తేకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. షామియానా గుడ్డకి దూరంగా, గాలివాలు చూసి పెట్టాలి. లేకపోతే పొగంతా వేదిక మీదికి వచ్చి, పెళ్లికూతురి పట్టుచీర నెల్లాళ్లు బొగ్గు వాసన కొడుతుంది. శ్రావణ ముహూర్తమైతే పొయ్యికి రేకు కప్పు తప్పదు. కేటరర్ వచ్చి ఎన్ని రకాల కబాబులు కావాలని అడిగితే, జవాబు చెప్పే ముందు పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తావని అడగండి. రాత్రి ఏడున్నరకంటే ఆ వరుస కొట్టేసి, ఆ డబ్బుతో పలావులో ఇంకాస్త మటన్ వెయ్యమనండి.